నికోటిన్ గమ్ 4 మి.గ్రా., పుదీనా రుచి: కోర్సు మొత్తం వాడాక నా మాట

ఈ గమ్‌ని తిట్టేవాళ్ళలో ఎక్కువమంది అనే మాట ఒకటే: "ఎంత నమిలినా ఆ కిక్ రాదు, డబ్బు దండగ." నిజమే, రాదు. కోర్సు మొదటి నుంచి చివరిదాకా వాడాను, ఒక్కసారి కూడా సిగరెట్ తాగినట్టు అనిపించలేదు. అయినా సిగరెట్ మానేశాను, దీంతోనే మానేశాను. అందుకే చుక్కలు వేసేముందు ఆ కిక్ సంగతి తేల్చుకోవాలి.

సిగరెట్ దమ్ము లాగాక నికోటిన్ మెదడుకు చేరడానికి పట్టేది 10 నుంచి 20 సెకన్లు. అలవాటును అంత గట్టిగా పట్టించేది ఆ వేగమే. లాగిన మరుక్షణం హాయి అందుతుంది కాబట్టి చేతికీ నోటికీ మెదడుకూ ముడి పడిపోతుంది. గమ్‌లోని నికోటిన్ ఊపిరితిత్తుల దాకా పోదు. బుగ్గ లోపలి పొర గుండా నిదానంగా రక్తంలోకి ఎక్కుతుంది. బాగా ఎక్కేసరికి ఇరవై నిమిషాలో అరగంటో అవుతుంది, ఎక్కేది కూడా సిగరెట్ ఇచ్చేదానికంటే తక్కువే. అంటే చిరాకు దిగేంత ఇస్తుంది గానీ హాయి అనిపించేంత ఇవ్వదు. కిక్ ఇచ్చే గమ్ ఎవరైనా తయారుచేస్తే మనం దాన్ని జన్మలో వదలం.

నా సంగతి చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ మీకు పనికొస్తుందో లేదో తెలియదు. కాల్ సెంటర్‌లో టీమ్ లీడ్‌ని. షిఫ్ట్ మొత్తం హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడటమే పని, బ్రేక్ దొరికితే మెట్ల మీద సిగరెట్. పొద్దున కళ్ళు తెరిచి మొహం కడుక్కోకముందే ఒకటి వెలిగించే రకం. 4 మి.గ్రా. తీసుకోవాలా 2 మి.గ్రా. తీసుకోవాలా అన్నది ముఖ్యంగా దీన్నిబట్టే తేలుతుంది. లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ ముట్టిస్తే 4, ఆ తర్వాతైతే 2. రోజుకు ఎన్ని తాగుతారన్నదానికంటే ఇదే ముందు చూస్తారు. నికోటిన్ మీద ఎంత ఆధారపడ్డామో కొలవడానికి స్వీడన్ సైకాలజిస్టు కార్ల్ ఫాగర్‌స్ట్రోమ్ పేరుమీద ఉన్న ప్రశ్నపత్రంలో కూడా దీనికి బరువెక్కువ. కారణం తేలికే. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది. రాత్రంతా నిద్రపోయి లేచేసరికి దాదాపు ఖాళీ. ఆ ఖాళీని ఎంతసేపు ఓర్చుకోగలరన్నదే పరీక్ష. నేను నిమిషం కూడా ఓర్చుకోలేను. మందుల షాపులో అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే, "సార్, లేవగానే తాగుతారా?" అని. అడగని షాపు కూడా చూశాను, ఏది ముందు చేతికి తగిలితే అది ఇచ్చేశారు. బాగా ఎక్కువగా తాగేవాళ్ళు 2 మి.గ్రా. తీసుకుని "పనిచెయ్యలేదు" అనడం చాలా మామూలు.

ఇక నమలడం. మామూలు బబుల్ గమ్‌లా నమిలితే ఇది మీ మీద పగ తీర్చుకుంటుంది. బిళ్ళ చిన్నది, చతురస్రం, పైన గట్టి పెంకు. మొదటి కొరుకుడుకు పెంకు పటుక్కుమని విరిగి నోట్లో పొడిపొడిగా అవుతుంది, పుదీనా చల్లదనం వస్తుంది, ఇంతేనా అనుకుంటారు. నాలుగైదు సార్లు మెల్లగా నమిలాక అసలు సరుకు బయటికొస్తుంది: నాలుక పక్కన మిరియం నలిగినట్టు ఘాటు, చిగురు దగ్గర చురుకు. ఆ చురుకు తగలగానే నమలడం ఆపాలి. గమ్‌ని బుగ్గకూ చిగురుకూ మధ్యకు తోసి అక్కడే ఉంచాలి. ఒక నిమిషం తర్వాత చురుకు చల్లారుతుంది. మళ్ళీ రెండు మూడు కొరుకుళ్ళు, మళ్ళీ ఇంకో పక్క బుగ్గలోకి. అరగంట ఇలా చేస్తే దానిలోని సరుకు చాలావరకు అయిపోయినట్టే. నమలడం తక్కువ, ఊరుకోవడం ఎక్కువ. నోట్లో ఏదైనా ఉంటే నమలకుండా ఉండలేనివాళ్ళకు ఇదొక శిక్షే.

ఎందుకింత తతంగం అంటే, మింగిన నికోటిన్ వృథా. ఉమ్మితోపాటు కడుపులోకి వెళ్ళినదాన్ని లివర్ చాలావరకు రక్తంలోకి రాకముందే విరిచేస్తుంది. మెదడుకు అందేది తక్కువ, కానీ గొంతు మంట, వికారం, వెక్కిళ్ళు మాత్రం పూర్తిగా అందుతాయి. డబ్బాలోని కాగితంలో ఇదంతా ఉంది, చీమతల అక్షరాల్లో, జాగ్రత్తల జాబితా అంతా అయ్యాక. ఏ మందుకైనా ఎలా వాడాలన్నదే అట్టమీద పెద్దగా ఉండాలి, దీనికైతే మరీను.

వెక్కిళ్ళ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా ఉద్యోగంలో అవి దగ్గుకన్నా ఘోరం. మొదటి వారంలో ఒక కాల్ మా వాళ్ళ దగ్గర తెగక నా దాకా వచ్చింది. పెద్దాయన, బిల్లు తప్పొచ్చిందని అప్పటికే ముగ్గురిని కడిగేసి ఉన్నారు. నేను "నమస్కారం సార్" అన్నానో లేదో వెక్కిలి. "మీ సమస్య" వెక్కిలి. "నాకు అర్థమైంది సార్" పెద్ద వెక్కిలి. అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయనే, "ముందు మంచినీళ్ళు తాగు నాయనా, నా బిల్లు ఎక్కడికీ పోదు" అన్నారు. ఆ కాల్ అంత సాఫీగా ముగియడం మా టీమ్‌లో ఇప్పటికీ ఒక వింత. ఆ తర్వాత నుంచి కాల్ మొదలయ్యేముందు గమ్‌ని బుగ్గలోకి తోసేసి, మాట్లాడినంతసేపు దాని జోలికి పోకుండా ఉండేవాణ్ణి. ఒకటి చెప్పాలి: బుగ్గలో పెట్టుకుంటే ఉచ్చారణ చెడదు. మైక్ దగ్గర నమిలితే మాత్రం అవతలి చెవికి ప్రతి కొరుకుడూ వినిపిస్తుంది.

కాఫీ సంగతి ఇంకో చిక్కు. బుగ్గ పొర నికోటిన్‌ని పీల్చుకోవాలంటే నోట్లో కాస్త క్షారం ఉండాలి. గమ్‌లో ఆ సోడా రకం ఉప్పు కలిపేదే అందుకు. కాఫీ, పళ్ళరసం, కూల్‌డ్రింక్ లాంటి పులుపున్నవి నోట్లో ఆమ్లం పెంచి ఆ ఏర్పాటును పాడుచేస్తాయి. కాబట్టి నమిలే ముందు పావుగంట, నములుతున్నంతసేపూ నీళ్ళు తప్ప ఏమీ తాగకూడదు. కాఫీ, సిగరెట్ జంటగా సాగిన బతుక్కి ఇదెంత కష్టమో తెలుసు. దీనికి తోడు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. సిగరెట్ పొగలోని తారు పదార్థాలు లివర్‌లో ఒక ఎంజైమ్‌ని రెచ్చగొట్టి కెఫీన్‌ని త్వరత్వరగా విరగ్గొట్టిస్తాయి. పొగ ఆగిపోతే ఆ ఎంజైమ్ మామూలు స్థితికి వస్తుంది, అదే కప్పు కాఫీకి కెఫీన్ ఒంట్లో చాలా ఎక్కువసేపు ఉండిపోతుంది. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చేతి వణుకు, ఇవన్నీ నికోటిన్ లేకపోవడం వల్లే అని మనం సిగరెట్‌నే గుర్తు చేసుకుంటాం. నా విషయంలో సగం పాపం కాఫీదే అని నా నమ్మకం. కప్పుల సంఖ్య సగానికి తగ్గించాక రెండో వారం నుంచి నిద్ర కుదుటపడింది.

ఎప్పుడు వేసుకోవాలన్నదాని మీదే మిగతా కథంతా నడుస్తుంది. మనసు లాగినప్పుడు వేసుకుందాంలే అనుకుంటే ఈ మందు ఆలస్యంగా వచ్చే బస్సు. లాగడం ఉధృతంగా ఉండేది మూడు నుంచి ఐదు నిమిషాలు, గమ్ పనిలోకి దిగేసరికి అది దానంతటదే పోయి ఉంటుంది. అందుకే గడియారం చూసి వేసుకోవాలి. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, ఏడు నుంచి తొమ్మిది వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి, పది నుంచి పన్నెండు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. రోజుకు 24 దాటకూడదు. మొదట్లో రోజుకు కనీసం తొమ్మిదైనా వాడమని కూడా ఉంటుంది, పొదుపు చేద్దామని నాలుగైదుతో సరిపెట్టుకునేవాళ్ళు దీన్ని గమనించాలి. నేను ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను, ఎందుకంటే పని ఒత్తిడిలో బాగున్నప్పుడు ఇది గుర్తురాదు, బాగోలేనప్పుడు ఆలస్యమైపోతుంది.

ఈ గమ్ ఇవ్వలేనిది బ్రేక్. సిగరెట్‌తో పాటు నాకు పోయేది నికోటిన్ ఒక్కటే కాదు. హెడ్‌సెట్ తీసి మెట్లెక్కడం, నలుగురితో మేనేజర్‌ని ఆడిపోసుకోవడం, ఎండలో కళ్ళు చికిలించడం కూడా పోతాయి. గమ్ కుర్చీలోనే నమలొచ్చు కాబట్టి కుర్చీలోనే ఉండిపోతాం, రోజు చివరికి పిచ్చెక్కుతుంది. బ్రేక్‌ని వదులుకోకూడదని గట్టిగా అనుకున్నాను. మా టీమ్ కుర్రాడు "అన్నా, వస్తున్నావా?" అంటే "వస్తా, నువ్వు మాత్రం గాలి వాలుకు ఎదురుగా నిలబడకు" అని వెళ్ళేవాణ్ణి. మొదటి రెండు వారాలు మాత్రం పై మెట్లకు కాదు, కిందికి దిగి ఒక రౌండు నడిచి వచ్చేవాణ్ణి. మందుల షాపులో దొరకనిది మనమే ఏర్పాటు చేసుకోవాలి, దానికి గమ్‌ని తిట్టి లాభం లేదు.

మానేసిన తిప్పలు ఎంత తగ్గించిందీ అంటే, తగ్గించింది, పోగొట్టలేదు. మామూలుగా ఆఖరి సిగరెట్ తర్వాత కొన్ని గంటల్లోనే మొదలై, రెండు మూడు రోజులకు శిఖరానికి చేరి, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. నాకూ మూడో రోజే పెద్ద గండం. చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం, చదివిన ఈమెయిలే మళ్ళీ చదవడం, ఎవరు ఏం అడిగినా ముక్తసరి సమాధానం. ఆ సాయంత్రం మా ఆవిడ, "మీరు సిగరెట్ మానేశారా, మాట్లాడటం మానేశారా?" అంది. "రెండూ" అన్నాను. నవ్వలేదు. గమ్ లేకుండా అంతకుముందు ఊరికే మానినప్పుడు ఆ మూడో రోజు దాటనే లేదు కాబట్టి, ముక్తసరి సమాధానాల దగ్గరే ఆగడం నాకు పెద్ద మార్పే.

గమ్ తాకని లక్షణాలూ ఉన్నాయి. నోటిపూత వచ్చింది. మానేసిన మొదటి వారాల్లో ఇది చాలామందికి వస్తుంది, గమ్ వల్ల అనుకుని ఆపేస్తారు. పూత ఉన్నచోట గమ్ తగిలితే మంట నిజమే, ఇంకో పక్క పెట్టుకోవాలి. మలబద్ధకం ఇంకోటి. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది, అది తగ్గితే అవీ బద్ధకిస్తాయి. దగ్గు తగ్గాల్సింది పోయి పెరిగినట్టుంటే భయపడక్కర్లేదు, ఊపిరి గొట్టాల్లోని సన్నటి రోమాలు మళ్ళీ పనిలోకి దిగి కఫాన్ని పైకి తోస్తుంటాయి. ఆకలి మాత్రం అన్నిటికన్నా మొండిది, మిగతావన్నీ పోయాక కూడా కొన్నాళ్ళు ఉంటుంది. మానేసినవాళ్ళు మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారని లెక్క. 4 మి.గ్రా. గమ్ వాడినంతకాలం బరువు పెరగడం కొంత వాయిదా పడుతుందంటారు. నా బెల్టు ఒక రంధ్రం సడలింది, దాని గురించి గమ్‌ని అడగను.

ప్యాచ్ (చర్మానికి అంటించుకునే నికోటిన్ పట్టీ) గురించి కూడా ఒక మాట, ఎందుకంటే రెండూ కలిపి వాడాను. పొద్దున్నే వెలిగించే రకం అని చెప్పగానే మా డాక్టర్ మొదటి వారాల్లో 21 మి.గ్రా. ప్యాచ్ కూడా జోడించారు. ప్యాచ్ రోజంతా అడుగున ఒక స్థాయి నిలబెడుతుంది, గమ్ మధ్యలో వచ్చే అలల్ని చూసుకుంటుంది. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సంస్థ చేసిన సమీక్షల్లో కూడా ఇలా రెండు కలిపి వాడటమే ఒక్కటి వాడటం కంటే మెరుగని తేలింది. రాత్రి తియ్యకుండా ఉంచుకుంటే కలలు రంగుల్లో వస్తాయి. నా కలల్లో నేను సిగరెట్ తాగుతూనే ఉన్నాను, తప్పు చేసినట్టు ఉలిక్కిపడి లేచేవాణ్ణి. పడుకునేముందు తీసేస్తే కలలు పోతాయి, కానీ పొద్దున ఖాళీ తిరిగొస్తుంది. ఏది భరించగలరో మీరే చూసుకోండి.

దీని పుట్టుక కూడా ఆసక్తిగానే ఉంటుంది. 1960ల చివర్లో స్వీడన్‌లోని లుండ్‌లో పరిశోధకులు గమనించారు: సబ్‌మెరైన్లలో పొగతాగే వీలు లేని సిబ్బంది నోట్లో పెట్టుకునే పొగాకుతో సరిపెట్టుకుంటున్నారు. ఆ ఆలోచనను లియో అనే మందుల కంపెనీలోని ఊవె ఫెర్నో అందుకున్నారు. ఆయనే పెద్ద పొగరాయుడు. నికోటిన్‌ని మామూలుగా గమ్‌లో కలిపితే మరీ త్వరగా ఊడి వస్తుంది. దాన్ని ఒక రెజిన్‌కి అంటించి, నమిలితే తప్ప విడవకుండా చేశారు. ఎంత నమిలితే అంతే వస్తుంది, అదీ అసలు తెలివి. స్విట్జర్లాండ్‌లో 1978లో, అమెరికాలో 1984లో అనుమతి వచ్చింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గమ్‌నీ ప్యాచ్‌నీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

"ఒక వ్యసనం పోయి ఇంకోటి పట్టుకుంది కదా" అనేవాళ్ళు మీ చుట్టూ కచ్చితంగా ఉంటారు. ఊపిరితిత్తుల్ని, గుండెని పాడుచేసేది ప్రధానంగా కాలిన పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్ వగైరా. గమ్‌లో అవి లేవు. కోర్సు దాటి నెలల తరబడి గమ్ మీదే ఉండిపోయేవాళ్ళు కొందరున్న మాట నిజం. అది కూడా సిగరెట్‌కి తిరిగిపోవడం కన్నా మేలే. నాకు ఆఖరి మెట్టు కష్టమైంది. రోజుకు నాలుగు బిళ్ళల నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు తేలిగ్గా దిగాను, ఆ భోజనం తర్వాతి ఒక్కటే వదలలేదు. దాన్ని 2 మి.గ్రా.కి మార్చి, తర్వాత నికోటిన్ లేని మామూలు పుదీనా గమ్‌కి మార్చి వదిలించుకున్నాను.

అద్భుతం ఆశించేవాళ్ళకు ఒక లెక్క: ఏదో ఒక నికోటిన్ మందు వాడితే మానగలిగే అవకాశం వాడనివాళ్ళకంటే 50 నుంచి 60 శాతం పెరుగుతుందని కోక్రేన్ 2018 సమీక్ష. పెరిగినా, వాడినవాళ్ళలో ఎక్కువమందికి మొదటిసారే కుదరదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కూడా ఇదే గమ్ పనికొస్తుంది.

సరుకుగా దీని లోపాలు చెబుతాను. నేను రెండు కంపెనీలవి వాడాను, పేర్లెందుకు. ఒకదాని స్ట్రిప్ పిల్లలు తెరవకూడదని కట్టారు, పెద్దలు కూడా తెరవలేరు. వెనక కాగితం ఒలిచి, తర్వాత రేకు చించి, బొటనవేలితో తోయాలి. చేతులు వణికే మూడో రోజున చేయించాల్సిన పని కాదు. జేబులో కత్తెర పెట్టుకు తిరిగాను. ఇంకోదానిది వేలితో నొక్కితే వచ్చేస్తుంది, కానీ అది ఇంట్లో పిల్లలుంటే ప్రమాదం. నికోటిన్ చిన్నపిల్లలకు, పెంపుడు జంతువులకు విషం, నమిలేసిన గమ్‌లో కూడా కొంత మిగిలే ఉంటుంది. కాగితంలో చుట్టి మూత ఉన్న బుట్టలో పడేయాలి. దవడ నొప్పి రెండో వారం దాకా ఉంది. కట్టుడు పళ్ళున్నవాళ్ళకు, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్ళకు గమ్ వద్దు, చప్పరించే లాజెంజ్ తీసుకోండి. రుచుల్లో పుదీనా ఫర్వాలేదు, పండు రుచి మొదటి నిమిషం బాగుండి తర్వాత దగ్గుమందులా మారుతుంది, అసలు ఏ రుచీ లేనిది మాత్రం ఆష్‌ట్రే నాకినట్టుంది.

గర్భిణులు, 18 ఏళ్ళ లోపువాళ్ళు, ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకూడదు. క్లోజపిన్, ఓలాంజపిన్ (మానసిక వ్యాధులకు), థియోఫిలిన్ (ఆస్తమాకు) లాంటి మందులు వాడేవాళ్ళు కూడా ముందే చెప్పాలి. కాఫీ విషయంలో చెప్పిన ఎంజైమే వీటినీ విరుస్తుంది, పొగ ఆగితే ఒంట్లో వీటి మోతాదు పెరిగిపోవచ్చు. ఇది గమ్ వల్ల కాదు, పొగ మానడం వల్ల, కాబట్టి ఏ పద్ధతిలో మానినా వర్తిస్తుంది.

5కి 4 చుక్కలు వేస్తున్నాను. స్ట్రిప్‌కి సగం తీసేశాను, చీమతల అక్షరాలకు సగం. కొనేటప్పుడు ఒకేసారి పెద్ద డబ్బా వద్దు, చిన్నది కొని రుచీ దవడా రెండూ చూసుకోండి. మొదటి బిళ్ళ సెలవు రోజున ఇంట్లో వేసుకోండి, కాల్ మధ్యలో కాదు.